క్లినికల్ ట్రయల్‌లో రోగి సమ్మతి

కొత్త మందు లేదా టీకా మనుషులకు ఎంత సురక్షితమో, ఏ మేరకు పనిచేస్తుందో తేల్చే శాస్త్రీయ పరీక్షను క్లినికల్ ట్రయల్ అంటారు. మామూలు వైద్యంలో డాక్టరు ఎదురుగా ఉన్న రోగికి ఏది మేలో చూసి మందు రాస్తారు. ట్రయల్‌లో ఎవరికి ఏది ఇవ్వాలో చాలాసార్లు లాటరీ పద్ధతిలో నిర్ణయిస్తారు. కొందరికి మందు లేని ప్లాసిబో రావచ్చు, ఆ సంగతి డాక్టరుకూ తెలియకపోవచ్చు. ఫలితం రేపటి రోగులకు దక్కవచ్చు గానీ, రిస్కు ఇవాళ చేరినవారిదే. ఈ తేడా తెలియకుండా పెట్టిన సంతకం సమ్మతి అనిపించుకోదు.

ఖమ్మం జిల్లా ఉదంతం ఇందుకు సాక్ష్యం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 2009లో అక్కడ 10-14 ఏళ్ల బాలికలకు ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. కొందరు బాలికలు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని ఈ ఉదంతంపై వేసిన విచారణ సంఘం అభిప్రాయపడింది. అయితే పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలే ఉన్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదైనంత మాత్రాన తల్లిదండ్రులకు తెలియజెప్పకపోవడం ఒప్పైపోదు. పైగా అలాంటి లోపం మంచి టీకా మీద కూడా అనుమానాలు రేపుతుంది.

అన్నీ చెబితే రోగులు భయపడి ముందుకు రారని, చదువురానివారికి ఇవి అర్థం కావని కొందరు వాదిస్తారు. భయపడి వద్దనడం రోగి హక్కు. దాచిపెట్టి చేర్చుకుంటే, నిజం బయటపడ్డాక వైద్య పరిశోధన మీదే నమ్మకం పోతుంది. చదవలేనివారికి వారి భాషలో వివరించాలని, ఆ సమయంలో ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం అందాలి. ఎప్పుడు మానుకున్నా మామూలు వైద్యానికి లోటు రాకూడదు. కాబట్టి చేరబోయే రోగి కొన్ని ప్రశ్నలు అడగాలి: నాకున్న ఇతర చికిత్సలేమిటి? ఏ ఇబ్బందులు రావచ్చు? రాత్రివేళ ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? ఈ ట్రయల్ దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదైందా? ట్రయల్‌లో చేరేవారి హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? సమ్మతి పత్రం ప్రతి తీసుకుని, ఇంట్లోవాళ్లతో మాట్లాడాకే సంతకం చేయాలి. అందుకు సమయం ఇవ్వని ట్రయల్‌లో చేరకపోవడమే మంచిది.