ఆర్కా సోమ

ఆర్కా సోమ ఒక సంకర ద్రాక్ష రకము. దీని పండ్లు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో, గింజలతో, కండగా ఉండి మస్కట్ పరిమళాన్ని కలిగి ఉంటాయి. తెల్ల వైన్ల తయారీకి, ముఖ్యంగా తీపి వైన్లకు ఇది అనుకూలమైన రకము. బెంగుళూరు సమీపంలోని హెసరఘట్టలో గల భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ (స్థాపన: 1967) దీనిని రూపొందించింది. ఈ సంస్థ రకాల పేర్లలో కనిపించే 'ఆర్కా' అనే మాట అక్కడి అర్కావతి నది పేరునుండి వచ్చినది.

జనక రకాలు

దీని జనక రకాలలో ఒకటి హైదరాబాదు ద్రాక్షగా పేరుపొందిన అనాబ్-ఎ-షాహి. ఈ పేరుకు 'రాజద్రాక్ష' అని అర్థం. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ దీనిని హైదరాబాదులో ప్రవేశపెట్టారని చెబుతారు. తరువాత రంగారెడ్డి, మెదక్, మహబూబ్ నగర్, నల్గొండ జిల్లాల పందిరి తోటలలోనూ ద్రాక్ష సాగయింది. అనాబ్-ఎ-షాహి గుత్తులు పెద్దవి, దిగుబడి చాలా ఎక్కువ. అయితే పండులో చక్కెర తక్కువ, ప్రత్యేకమైన సువాసన లేదు, బూజు తెగులును తట్టుకోలేదు. తినడానికి మేలైనదే అయినా వైనుకు అంతగా పనికిరాదు.

రెండవది 'క్వీన్ ఆఫ్ ది విన్‌యార్డ్స్'. దీనిని హంగేరీకి చెందిన యానోష్ మథియాస్ 1916లో సృష్టించాడు. ఆర్కా సోమకు పరిమళం ఈ రకం నుండే సంక్రమించింది. ఇదే జంట నుండి పుట్టిన మరొక రకము ఆర్కా కాంచన్. దాని పండ్లు బంగారు పసుపు రంగులో ఉంటాయి. ఒకే జంట గింజలనుండి మొలిచిన మొక్కలైనా ఒకదానినొకటి పోలవు. అందుచేత ఎంపికచేసిన రకాన్ని గింజలతో కాక కొమ్మ ముక్కలతో వృద్ధిచేస్తారు.

పరిమళం

మస్కట్ అనేది సువాసనగల ద్రాక్షల కుటుంబం పేరు. లినలూల్, జెరానియాల్ మొదలైన పదార్థాలు ఈ వాసనకు కారణం. లినలూల్ ధనియాలలోను, జెరానియాల్ గులాబీలోను కూడా ఉంటాయి. పండులో వీటిలో చాలా భాగం చక్కెరతో బంధింపబడి వాసన లేకుండా ఉంటుంది. పులియునపుడు ఎంజైములు కొంత భాగాన్ని విడదీస్తాయి.

వైన్ తయారీ

ఆర్కా సోమ రసంలో కరిగిన ఘనపదార్థాలు 20 నుండి 21 శాతం వరకు ఉంటాయి. ఇందులో అధికభాగం చక్కెరే. ఒక లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాలు ఏర్పడుతుంది. ఆ లెక్కన ఈ రసం పూర్తిగా పులిస్తే 11-12 శాతం ఆల్కహాలు గల వైన్ వస్తుంది. తీపి వైను కావాలంటే, పులియడం మధ్యలో ద్రాక్ష స్పిరిట్ కలిపి ఆపుతారు. మిగిలిన చక్కెర తీపినిస్తుంది. సువాసన ఎగిరిపోకుండా రసాన్ని చల్లగా ఉంచి పులియబెడతారు.

సాగు

దక్కను పీఠభూమిలో ద్రాక్షతీగను ఏటా రెండుసార్లు కత్తిరిస్తారు: కొమ్మ కోసం ఏప్రిల్‌లో, కాయ కోసం అక్టోబరులో. పంట ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు కోతకు వస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ పండులో పులుపు తగ్గి, పరిమళం పలచబడుతుంది. కనుక కోత సమయమే వైన్ నాణ్యతను నిర్ణయిస్తుంది.

1990ల చివరినుండి నాసిక్ పరిసరాలలో ఎదిగిన వైన్ పరిశ్రమ సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ వంటి ఫ్రెంచి రకాలవైపు మొగ్గింది. దానితో హైదరాబాదు ద్రాక్షకు సువాసనను జోడించిన ఈ రకానికి విస్తారమైన సాగు దక్కలేదు.