పాత ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు: ముందుగా చూసుకోవలసినవి

ఖరగ్‌పూర్: విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ మరునాడు ఏ ల్యాప్‌టాప్ కూడా ఆగిపోలేదు. అయితే కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు దిద్దుబాట్లు ఇక వాటంతట అవి రావు. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న వ్యక్తిగత వినియోగదారులకు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందిస్తామని సంస్థ ప్రకటించింది. ఇది కొంత వ్యవధి మాత్రమే, శాశ్వత పరిష్కారం కాదు.

రైల్వేతో పెరిగిన ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించినప్పుడు ప్రధానంగా ప్రస్తావనకు వచ్చింది ఈ పట్టణమే. ఇంటికి ఒకే ల్యాప్‌టాప్ ఉన్నచోట పిల్లల చదువు, విశ్రాంత ఉద్యోగి పింఛను కాగితాలు, ఎప్పుడో తెలుగులో టైపు చేయించిన పత్రాలు అన్నీ అందులోనే ఉంటాయి. కనుక ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు ఒక్క యంత్రానికి సంబంధించిన విషయంగా మిగలదు.

తొలుత చూడవలసింది ప్రాసెసర్. ఇంటెల్ చిప్‌లలో విండోస్ 11కు దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మద్దతు ఉంది. తరాన్ని పేరులోనే గుర్తించవచ్చు: ఐ5-8250యూ ఎనిమిదో తరానిది, ఐ5-7200యూ ఏడో తరానిది. దీనికి తోడు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. 4 జీబీ నిబంధనకు సరిపోతుందే గాని, పని సాఫీగా సాగాలంటే 8 జీబీ ఉండటం మేలు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ ఈ అర్హతలన్నిటినీ పరీక్షించి చెబుతుంది.

టీపీఎం లేదని సమాచారం వచ్చినంత మాత్రాన నిరాశ చెందనవసరం లేదు. కొన్ని యంత్రాలలో అది బయోస్ అమరికలలో ఆపివేసి ఉంటుంది. ఇంటెల్ యంత్రాలలో పీటీటీ, ఏఎండీ యంత్రాలలో ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో కనిపిస్తుంది. అయితే బయోస్‌లో చేయి పెట్టే ముందు బిట్‌లాకర్ రికవరీ కీని కాగితంపై రాసి ఉంచుకోవాలి. మార్పు తరువాత యంత్రం ఆ కీని అడిగితే, అది లేనివారికి తమ ఫైళ్లే అందకుండా పోతాయి.

అర్హత లేని యంత్రంలో విండోస్ 11ను అడ్డదారిన ఎక్కించే పద్ధతులూ ప్రచారంలో ఉన్నాయి. అటువంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. భద్రత కోసమే మార్పు తలపెట్టినవారికి ఈ దారి వల్ల ప్రయోజనం స్వల్పం.

ఆరేడు తరాల నాటి ప్రాసెసర్లకు లైనక్స్ మెరుగైన దారి. ఉబుంటు 24.04, లైనక్స్ మింట్ 22 రెండింటికీ 2029 వరకు మద్దతు ఉంది. ఉన్న వ్యవస్థను తొలగించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, వైఫై, శబ్దం, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. తిరిగే హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చితే, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకున్నా, యంత్రం వేగంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

పింఛనుదారులున్న ఇళ్లలో మరొక జాగ్రత్త అవసరం. జీవన్ ప్రమాణ్ ధ్రువీకరణకు వాడే వేలిముద్ర పరికరం కొత్త వ్యవస్థలో పనిచేస్తుందో లేదో, ముఖ్యంగా లైనక్స్‌కు మారేవారు, ముందే విచారించుకోవాలి. ముఖ గుర్తింపు పద్ధతిలో ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి ధ్రువీకరణ పంపే వీలుంది గనుక, దీని కోసమే పాత విండోస్‌ను పట్టుకుని ఉండనక్కరలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా మరచిపోయేది తెలుగు ఫైళ్ల సంగతి. యూనికోడ్‌లో టైపు చేసినవి ఏ వ్యవస్థలోనైనా తెరుచుకుంటాయి. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో చేసినవి అలా కాదు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెలుగు అక్షరాల చోట అర్థంలేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చెడిపోయిందని పొరబడి దాన్ని తొలగించే ప్రమాదం ఇక్కడే ఉంది. పాత వ్యవస్థ పనిచేస్తుండగానే ముఖ్యమైన పత్రాలను పీడీఎఫ్‌గా భద్రపరచుకోవాలి. మళ్లీ దిద్దవలసినవాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, గుణింతాలు సరిచూసుకోవాలి. మార్పిడిలో తప్పులు దొర్లడం సాధారణమే.

చివరి పని నకలు. ఫోటోలు, పత్రాలు, ఫాంట్లు బయటి డిస్క్‌లోకి ఎక్కించిన తరువాత, ఆ డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి కొన్ని ఫైళ్లనైనా తెరిచి చూడాలి. అవి సరిగా తెరుచుకున్నాకే ల్యాప్‌టాప్‌లోని డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలి.