పేకాటకు బడి పెట్టిన మనిషి

రామగుండం, గోదావరిఖని ప్రాంతాలలో కాలాన్ని గడియారం కంటె షిఫ్టు వేళలే ఎక్కువగా శాసిస్తాయి. మొదటి షిఫ్టు ముగించుకొని గని నుండి పైకి వచ్చినవారు స్నానభోజనాలు కానిచ్చి, సాయంకాలం ఏ వేపచెట్టు క్రిందనో నలుగురు చేరితే, మధ్యన ఒక పేకకట్ట ప్రత్యక్షం కావడం వింత కాదు. పేకాట అనగానే ఇంటి ఇల్లాలి గుండె ఝల్లుమంటుంది. ఆ భయానికి కారణం లేకపోలేదు. జీతాలనాడు మూడు ముక్కలాటకు కూర్చున్నవాడు ఇంటికి ఎంత తెస్తాడో అతనికే తెలియదు. అయితే, ఇవే యాభైరెండు ముక్కలను ఒక విద్యగా మార్చి, ఆ విద్యను బోధించి, గురువుగా పేరుపొందిన మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు ఈలై కల్బర్ట్‌సన్. బ్రిడ్జి అనే ఆటకు ఆయన ప్రపంచ ప్రసిద్ధుడైన పంతులు.

కల్బర్ట్‌సన్‌కు గనులతో పుట్టుకనాటి చుట్టరికం ఉన్నది. ఆయన 1891లో రుమేనియాలో జన్మించాడు. తండ్రి అమెరికా దేశస్థుడు, గనుల ఇంజనీరు. తల్లి రష్యా దేశపు కొసాక్కు వంశీయురాలు. కుటుంబానికి రష్యాలో ఉన్న సంపద యావత్తూ 1917 విప్లవంతో పోయింది. కలిగిన ఇంట పెరిగిన యువకుడు పారిస్ మొదలైన నగరాలలో పేకాట గెలుపులతోనే పొట్టపోసుకోవలసివచ్చింది. 1921లో అమెరికా చేరిన పిదప కూడ కొంతకాలం అదే బ్రతుకు. నేడు గెలుపు, రేపు అప్పు. చేతిలో నైపుణ్యం ఉన్నా, కాలు నిలువడానికి నేల లేదు.

ఆ నేలను చూపినది ఆయన భార్య అని చెప్పాలి. 1923లో ఆయన జోసెఫిన్ డిల్లన్‌ను వివాహమాడాడు. ఆమె అప్పటికే న్యూయార్కులో బ్రిడ్జి నేర్పే ఉపాధ్యాయిని. దంపతులు ఇద్దరూ జంటగా ఆడారు, జంటగా బోధించారు. పందెంలో ఒకడు గెలవాలంటే మరొకడు ఓడాలి. పాఠంలో అట్లా కాదు. చెప్పినవానికీ, విన్నవానికీ కూడ లాభమే. జూదరి బ్రతుకు నుండి ఉపాధ్యాయుని బ్రతుకుకు కల్బర్ట్‌సన్ దాటిన వంతెన ఇదే.

ఇంతకూ ఈ ఆటలో నేర్పవలసినది ఏమున్నది? బ్రిడ్జిని నలుగురు ఆడతారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఒక్కొక్కరికి పదమూడు ముక్కలు. మొదట వేలంపాట: ఏ రంగు తురుఫుగా ఎన్ని పట్లు పట్టగలమో జట్లు పోటీపడి పాడతాయి. తన జతగాని చేతిలో ఏమున్నదో చూడరాదు, అడుగరాదు, కనుసైగ చేయరాదు. పాటలోని మాటలే ఆధారం. మన ఇంక్లైన్లలో ఉక్కుమోకుతో టబ్బులను లాగే హాలేజి పద్ధతిని ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. పైన ఇంజను నడిపేవానికి క్రింద ఉన్నవాడు కనబడడు. గంట ఎన్నిసార్లు మ్రోగినదో విని లాగుతాడు, ఆపుతాడు. ఆ గంటల అర్థం ఇద్దరికీ ఒక్కటే కాకపోతే ప్రాణాపాయం. బ్రిడ్జిలో ప్రాణాలు పోవుగాని, అర్థం తప్పితే ఆట పోతుంది.

1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికా శ్రీమంతుడు ఒక ఓడ ప్రయాణంలో ఆట లెక్కలను మార్చి కాంట్రాక్టు బ్రిడ్జికి రూపమిచ్చాడు. ముందుగా పాడిన పట్లకు మాత్రమే అసలు లెక్క. పాడకుండా అదనంగా పట్టినవి గేముకు చేరవు. దానితో పాటకు ప్రాధాన్యం పెరిగింది. కాని జనానికి ఆ పాటల భాష తెలియదు. ఆ లోటును కల్బర్ట్‌సన్ కనిపెట్టాడు. 1929లో 'బ్రిడ్జి వరల్డ్' పత్రికను స్థాపించాడు. 1930లో తన పద్ధతిని వివరిస్తూ 'బ్లూ బుక్' ప్రకటించాడు.

పాత పంతుళ్లు ఊరుకోలేదు. ఆనాటి పెద్దలలో ఒకరైన సిడ్నీ లెంజ్‌తో 1931 డిసెంబరులో న్యూయార్కులో పోటీ ఆరంభమైంది. నూట యాభై రబ్బర్లు ఆడి, 1932 జనవరిలో ముగించేసరికి కల్బర్ట్‌సన్ పక్షం 8,980 పాయింట్ల ఆధిక్యంతో గెలిచింది. ఆర్థికమాంద్యం ముదిరిన ఆ రోజులలో పత్రికలు ఆ పేకాటను యుద్ధవార్తవలె ప్రకటించాయి. కల్బర్ట్‌సన్ ప్రచారంలో ఆరితేరినవాడనే మాట నిజమే. కాని ప్రచారంతో వచ్చిన శిష్యులను నిలబెట్టినది ఆయన పాఠమే.

ఏ గురువుకూ ఆయన పాఠమే కడపటి పాఠం కాదు. 1937లో బుడాపెస్టులో ఆస్ట్రియా జట్టు చేతిలో ఆయన జట్టు ఓడిపోయింది. తరువాత చార్లెస్ గోరెన్ వచ్చాడు. ఆయన న్యాయవాది, 1936లో తొలి పుస్తకం ప్రకటించి, వకీలు వృత్తి విడిచి బ్రిడ్జి పంతులయ్యాడు. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి అనే చిన్న లెక్కను 1949 నుండి ఇంటింటా ప్రచారం చేశాడు. కల్బర్ట్‌సన్ మాత్రం 1938 నుండి ప్రపంచశాంతి ప్రణాళికలలో మునిగి, 1955లో మరణించాడు.

ఒక చేతికి రాగల పదమూడు ముక్కల కూర్పులు 63,501 కోట్లకు మించినవి. అందులో ఏది మన చేతికి వస్తుందో అదృష్టం. వచ్చినదానితో ఏమి చేస్తామన్నది విద్య. ఈ భేదం మన న్యాయస్థానాలకు కూడ ఎక్కింది. 1963లో సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ముక్కల పంపకంలో అదృష్టం బ్రిడ్జిలోనూ ఉన్నదని, అంతమాత్రాన రమ్మీ కేవలం అదృష్టపు ఆట కాదని, మూడు ముక్కలాటతో దానికి పోలిక లేదని 1967లో తీర్పు వచ్చింది. అయినా, నైపుణ్యం పేరు చెప్పి సొమ్ము ఒడ్డే ఆటలకు ఇల్లు గుల్లయ్యే అవకాశం తప్పలేదు. 2017లో తెలంగాణ తన చట్టాన్ని సవరించి ఆ మినహాయింపును తొలగించింది.

చట్టం మారవచ్చును. కల్బర్ట్‌సన్ చరిత్ర చెప్పే నీతి మాత్రం ఒక్కటే. ఆయనలోని నైపుణ్యం పారిస్‌లోనూ, న్యూయార్కులోనూ ఒకటే. పందెం ఒడ్డినంతకాలం అది ఆయనకు నిలకడైన బ్రతుకు నివ్వలేదు. పదిమందికి పంచిననాడు ఇచ్చింది. చెట్టు క్రింది నలుగురి ముందున్న పేకకట్ట కూడ అంతే. దాని నడుమ జీతపు కవరు పెట్టితే జూదం; ఒక పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకోవడం, జతగాని మాటను నమ్మడం నేర్పితే అది బడి.