ఆకురాయి: ఎలవూరు సవుకు తోటల దగ్గర
మా ఎలవూరు వైపు సవుకు అంటే సరుగుడే. ఇప్పుడు దాన్ని వంటచెరుకుగానో గుంజలుగానో చూస్తాం గానీ, మద్రాసు తీరంలో ఈ తోటలు పెరగడానికి పెద్ద కారణం రైలు. 1856లో మద్రాసులో రైలు మొదలైంది. ఇంజన్లకు కట్టెలు కావాలి, అందుకని తర్వాతి ఏళ్లలో ఇసుక నేలల్లో సవుకు నాటారు.

అప్పట్లో కోతంతా గొడ్డలి, ఇద్దరు లాగే రంపం. పళ్లు మొద్దుబారితే ఒక్కోదానికి ఆకురాయి పట్టాలి. తమిళంలో అరం, నేను బడిలో చదివిన కన్నడంలో అర. మన ఇళ్లలో మాత్రం ఆకురాయే.

ఇప్పుడు చైన్ రంపం. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెట్లు కూల్చినప్పుడు దాని విలువ అందరికీ తెలిసింది. పెట్రోల్లో టూ-టీ ఆయిల్ కలపడం, గొలుసుకు వేరే నూనె పోయడం, గాలి ఫిల్టర్ దులపడం ఎవరైనా చేస్తారు. అసలు పని గొలుసు పళ్లది. సవుకు గట్టి కట్టె, పైగా బెరడులో ఇసుక. తునకలు రాలకుండా మెత్తటి పొట్టు వస్తోందంటే పళ్లు మొద్దుబారినట్టే. మిషన్ ఆపి, గొలుసు చల్లారాక, గుండ్రటి ఆకురాయిని ఒకేవైపుకు తోయాలి, ప్రతి పంటికీ అన్నేసార్లు. ఒక పక్క తక్కువైతే కోత వంకర పోతుంది. ఇద్దరు లాగే రంపానికీ ఇదే లెక్క.