ఛాయాపటము, చిత్తరువు

చార్మినారునకు దక్షిణమున, పైగా వంశపు ప్రభువుల భవనము పేరును నేటికిని మోయుచున్న జహనుమా పేటకు చేరువనే, 1884లో ఆ వంశపు వికారుల్ ఉమరా శంకుస్థాపన చేసిన ఫలక్‌నుమా మేడ కొండపై నిలిచియున్నది. ఆ మేడను, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వేటవిడుదులను ఛాయాపటముల కెక్కించిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆస్థాన ఛాయాగ్రాహకుఁడై, రాజా బిరుదమును పొందినవాఁడు.

ఛాయాపటములను తడిపలకలపై తీసిన కాలమున, చాలసేపు కదలక మెదలక కూర్చున్నవాని ముఖమున కానవచ్చునది వాని స్వభావము కాదు, ఆ బిగింపే. 1880 ప్రాంతమున పొడిపలకలు వ్యాపించి, కన్ను మూసి తెఱచునంతలో బింబము నిలుచుటతో, మాటల నడుమనో, గుఱ్ఱము దిగుచునో ఉన్న మనిషి తనకు తెలియకయే పటమున దొరకసాగెను. చిత్రకారునకు ఇంతకంటె గొప్ప కానుక లేదనియే నా తలంపు. అయినను అది మోసపుచ్చు కానుక. తలపాగ నీడలో ఒక కన్ను పూర్తిగ మునిఁగిపోవును. కటకమునకు దగ్గఱగ చాఁచిన చేయి ముఖమంత పెద్దదగును. పటముపై గళ్లు గీసి, ఉన్నది ఉన్నట్లు కాన్వాసుమీఁదికి దింపువాఁడు ఆ వికృతులనన్నిటిని నూనెరంగులలో శాశ్వతము చేయును.

ఛాయాపటములను వాడుకొనుటకు సంకోచింపని చిత్రకారుఁడు రవివర్మ, తమ్ముఁడు రాజరాజవర్మతో 1902లో హైదరాబాదు వచ్చి, దీన్‌దయాళ్ ఆతిథ్యమును పొందెను. నలుపు తెలుపుల పటము చెప్పఁజాలని మేనిఛాయకై, పట్టుబట్ట మెఱపునకై, ఆ కాలపు చిత్రకారులకు మనిషిని మరల ఎదుట కూర్చుండఁబెట్టుకొనక తప్పెడిది కాదు.