రేటింగ్ ఇచ్చినవారి గోప్యత: సమస్య, సాధనాల చరిత్ర

పియర్ ఒమిడ్యార్ 1995లో అమెరికాలో ప్రారంభించిన వేలం వెబ్‌సైటే తరువాత ఈబేగా పేరు పొందింది. ముఖపరిచయం లేనివారి మధ్య నమ్మకం కుదర్చడానికి 1996లో అందులో ఫీడ్‌బ్యాక్ పద్ధతిని ప్రవేశపెట్టారు. లావాదేవీ ముగిశాక కొన్నవారు అమ్మినవారికి, అమ్మినవారు కొన్నవారికి మార్కు వేస్తారు. వేసినవారి ఖాతా పేరు ఆ మార్కు పక్కనే కనిపించేది.

చిక్కు అక్కడే వచ్చింది. పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ 1999 నాటి ఈబే లావాదేవీలను పరిశీలించినప్పుడు, కొనుగోలుదారుల వ్యాఖ్యల్లో ప్రతికూలమైనవి 1 శాతం కూడా లేవని తేలింది. అమ్మకందారులంతా నిజాయితీపరులని దీని అర్థం కాదు. చెడ్డ మార్కు వేస్తే అవతలివారు కూడా అదే వేస్తారన్న జంకు ఇందుకు ఒక కారణం. చివరకు 2008లో ఈబే, కొనుగోలుదారులకు ప్రతికూల మార్కు వేసే వీలును అమ్మకందారులకు లేకుండా చేసింది. రాసినవారికి గోప్యత ఇవ్వడానికి బదులు, ఒక పక్షం నోరు కట్టివేసిందన్నమాట.

మరి పేరు తొలగిస్తే సరిపోతుందా? 2006లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ఒక పోటీ కోసం, దాదాపు 4.8 లక్షల మంది చందాదారులు సినిమాలకు ఇచ్చిన 10 కోట్ల రేటింగ్‌లను పేర్లు తీసేసి విడుదల చేసింది. అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ వాటిని ఐఎండీబీలో బహిరంగంగా ఉన్న రేటింగ్‌లతో పోల్చి, కొందరిని గుర్తించవచ్చని 2008లో చూపారు. ఎవరు ఏ సినిమాను మెచ్చుకున్నారో తెలిస్తే వారి రాజకీయ, మత అభిప్రాయాలను కూడా ఊహించవచ్చు. గోప్యతపై దావా పడిన తరువాత, 2010లో సంస్థ రెండో పోటీని విరమించుకుంది.

విచిత్రమేమిటంటే, ఈ సమస్యకు పనికివచ్చే సాధనం సమస్య కంటే ముందే పుట్టింది. డేవిడ్ చామ్ 1982లో బ్లైండ్ సిగ్నేచర్ అనే పద్ధతిని ప్రతిపాదించాడు. దానికి ఆయన చెప్పిన పోలిక కార్బన్ కాగితం ఉన్న కవరు. కవరు మీద సంతకం చేస్తే లోపలి చీటీ మీద కూడా పడుతుంది. కానీ సంతకం చేసినవారికి చీటీలో ఏముందో తెలియదు. దీన్ని రేటింగ్‌కు అన్వయించి చూడండి. సరుకు కొన్నవారు కవరులో పెట్టిన చీటీపై దుకాణం చేత సంతకం చేయించుకుంటారు. తరువాత ఆ చీటీని జతచేసి తమ అభిప్రాయం పంపుతారు. రాసినది అసలైన కొనుగోలుదారేనని సంతకం రుజువు చేస్తుంది. ఏ కొనుగోలుదారో మాత్రం దుకాణానికి తెలియదు. పేరు చెప్పకుండానే అర్హతను నిరూపించుకోవడం ఇందులోని కీలకాంశం. 1985లో గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్ ప్రతిపాదించిన జీరో నాలెడ్జ్ రుజువులు ఈ ఆలోచననే మరింత విస్తరించాయి.

ఇక మిగిలింది, చిట్టా ఎవరి చేతిలో ఉండాలనే ప్రశ్న. చిట్టా సంస్థ దగ్గరే ఉంటే నచ్చని అభిప్రాయాన్ని గుట్టుగా తొలగించగలదు. పత్రాలకు మార్చలేని తేదీ ముద్ర వేసే పద్ధతిని 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా వివరించారు. 2008 నాటి బిట్‌కాయిన్ పత్రం వారి పనిని ఉదహరించింది. అందరి దగ్గరా నకలు ఉండే చిట్టా 2009లో ఆచరణలోకి వచ్చింది.

విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే. బ్లాక్‌చెయిన్ గోప్యతను ఇవ్వదు. పైగా దాన్ని కష్టతరం చేస్తుంది. అందరికీ కనిపించే చిట్టాలో ఒకసారి రాసింది చెరిపేయడం దాదాపు అసాధ్యం. నెట్‌ఫ్లిక్స్ లాగా వెనక్కు తగ్గే వీలు ఉండదు. అందుకే అందులో పేర్లకు బదులు రుజువులు మాత్రమే పెట్టాలి. దాపరికం గూఢలిపి శాస్త్రం పని, చెరగకుండా కాపాడటం చిట్టా పని.

ఇంతా చేసినా రెండు చిక్కులు మిగిలాయి. కేంద్ర అధికారం లేనిచోట ఒకే మనిషి అనేక వేషాల్లో రావడాన్ని ఆపడం ఎంత కష్టమో 2002లో జాన్ డూసర్ చూపాడు. దుకాణదారు తన సరుకు తానే కొని, తనకు తానే చీటీలు ఇచ్చుకోవచ్చు. రెండోది మరీ మామూలు విషయం. ఆ వారం దుకాణంలో కొన్నది ఇద్దరే అయితే, చెడ్డ మార్కు వేసినదెవరో కనిపెట్టడానికి దుకాణదారుకు ఏ గణితమూ అక్కరలేదు.