నీళ్ళ పడవలు ఆపిందెవరు?

మా బిలాస్‌పూర్ మీదుగా పోయే హౌరా లైనులోనే రాయ్‌పూర్ ఉంది. 1964లో తూర్పు పాకిస్తాన్ శరణార్థులను దాని పక్కన మానా శిబిరంలో పెట్టి, తర్వాత దండకారణ్యానికి పంపారు. ఎక్కువమంది నామశూద్రులు, అంటే దళితులు.

1978లో వేలమంది బెంగాల్‌కు తిరిగిపోయి, సుందరబన్స్‌లోని మరీచ్‌ఝాపి దీవిలో గుడిసెలు వేసుకున్నారు. 1979 జనవరిలో ప్రభుత్వం దీవిని దిగ్బంధించింది. తిండి, మంచినీళ్ళ పడవలు ఆగాయి. ఆకలితో, విరేచనాలతో జనం చనిపోయారు. మే నెలలో మిగిలినవాళ్ళను ఖాళీ చేయించారు. చావుల లెక్క ఈనాటికీ తేలలేదు. రక్షణశాఖ పద్దుల్లో పైసా తేడాకు సంజాయిషీ అడిగిన నాకు ఇది మింగుడుపడదు. వాళ్ళ ఖర్మ అనే పెద్దమనుషులు పడవలు ఆపిందెవరో మాత్రం చెప్పరు.

పడవల్లో వచ్చినవాళ్ళను ఆస్ట్రేలియా నౌరూ దీవికి పంపింది. అక్కడ నీళ్ళు ఆపలేదు, విడుదల గడువే చెప్పలేదు. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ 2018లో ఇచ్చిన లెక్క: తాము వైద్యం చేసిన 208 మంది శరణార్థుల్లో 124 మందికి చావాలన్న ఆలోచనలు. 63 మంది ఆత్మహత్యకు ప్రయత్నించారు.